స్కార్లెట్‌ నచ్చింది... మరి మామీ?

వెయ్యి పేజీలు ఊపిరి తిప్పుకోకుండా చదివిస్తుంది. చదివాక మాత్రం గుండెలో ఎక్కడో ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది. ‘గాన్‌ విత్‌ ద విండ్‌’ నవలను మూడుసార్లు, మూడు వయసుల్లో చదివిన ఓ పాఠకురాలి ఇష్టం, కష్టం ఇది.

కొన్ని పుస్తకాలు బాగున్నాయని చెప్పేయొచ్చు. కొన్ని బాగోలేవని పక్కన పెట్టేయొచ్చు. ఈ రెండు అరల్లోనూ ఇమడనివి మరికొన్ని ఉంటాయి. బయటికి తీస్తే చదవాలనిపిస్తుంది. చదువుతుంటే సిగ్గేస్తుంది. పోనీ పాత పేపర్లతో పాటు అమ్మేద్దామంటే చేతులు రావు.

అమెరికా రచయిత్రి మార్గరెట్‌ మిచెల్‌ రాసిన ‘గాన్‌ విత్‌ ద విండ్‌’ అచ్చంగా అలాంటి నవల. 1936 జూన్‌ 30న మార్కెట్లోకి వచ్చింది. 1037 పేజీలు. ధర మూడు డాలర్లు. అమెరికా మొత్తం ఆర్థికమాంద్యంతో అల్లాడుతున్న రోజుల్లో మూడు డాలర్లంటే మాటలు కాదు. అయినా ఆరు నెలలు తిరిగేసరికి పది లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది పులిట్జర్‌ బహుమతీ వచ్చింది. ఇంకో రెండేళ్లకు సినిమా అయి, ప్రపంచాన్ని ఊపేసింది.

ఆ పుస్తకం హన్మకొండలోని ఒక ఇంటికి 1989లో వచ్చింది. హైదరాబాద్‌ అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్‌ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి ఓ బడిపంతులు తన కూతురి కోసం ఏరి తెచ్చాడు. ‘ఇంగ్లిష్‌ బాగుపడుతుంది’ అన్నది ఆయన లెక్క. డిగ్రీ చదువుతున్న ఆ అమ్మాయి లెక్క వేరు. అట్ట మీద ఎర్రటి మంటలు, ఆ మంటల ముందు ఓ అందగాడి చేతుల్లో వాలిపోయిన అందగత్తె. అంతకంటే ఏం కావాలి!

ఒకసారి మొదలుపెడితే...

కథ 1861 ఏప్రిల్‌లో మొదలవుతుంది. అమెరికా దక్షిణాదిన జార్జియా రాష్ట్రం. కనుచూపు మేరా పత్తి చేలు. ‘టారా’ అనే ఎస్టేటు. యజమాని కూతురు స్కార్లెట్‌ ఒహారాకు పదహారేళ్లు. నడుము పదిహేడు అంగుళాలు. ఆ చుట్టుపక్కల కుర్రాళ్లంతా తన వెంటే తిరగాలనుకునే పిల్ల. ఆమె మనసుపడిన యాష్లీ మాత్రం మెత్తని మనసున్న మెలనీని చేసుకోబోతున్నాడు. విందుకు వెళ్లిన స్కార్లెట్‌ అతణ్ని గదిలోకి పిలిచి ప్రేమ సంగతి చెప్పేస్తుంది. అతను కాదంటాడు. కోపంతో పింగాణీ గిన్నె విసిరికొడుతుంది. సోఫా వెనకాల పడుకుని అంతా విన్న రెట్‌ బట్లర్‌ నెమ్మదిగా లేచి కూర్చుంటాడు!

ఇక ఆపడం ఎవరి తరం? పంతానికి పోయి మెలనీ అన్నను పెళ్లాడుతుంది స్కార్లెట్‌. రెండు నెలలైనా కాకుండానే అతను పోతాడు. యుద్ధంలో తూటా తగిలి కాదు, తట్టు సోకి. అంతర్యుద్ధం ముదురుతుంది. ఉత్తరాది సైన్యం అట్లాంటాను చుట్టుముడుతుంది. కాలిపోతున్న ఊళ్లోంచి పురిటి మంచం మీది మెలనీనీ, పసిగుడ్డునీ బక్కచిక్కిన గుర్రపుబండిలో వేసుకుని స్కార్లెట్‌ ఇల్లు చేరుతుంది. అప్పటికి ఒక్కరోజు ముందే తల్లి పోయింది. తండ్రికి మతి చలించింది. తినడానికి గింజ లేదు. ఇంట్లోకి చొరబడిన శత్రుసైనికుణ్ని కాల్చేస్తుంది. ఎస్టేటు పన్ను కట్టడానికి మూడు వందల డాలర్లు కావాల్సి వస్తే కిటికీ తెరలను గౌనుగా కుట్టించుకుని, జైల్లో ఉన్న రెట్‌ దగ్గరికి అప్పుకోసం వెళ్తుంది. అక్కడ దొరక్కపోతే చెల్లెలిని చేసుకోబోయేవాణ్ని తానే చేసుకుంటుంది. రంపపు మిల్లు కొని మగవాళ్లతో సమానంగా వ్యాపారం చేస్తుంది.

పద్దెనిమిదేళ్ల ఆ హన్మకొండ అమ్మాయికి అందరూ ‘అణిగిమణిగి ఉండాలి’ అని చెప్పేవాళ్లే. అలాంటి పిల్లకు స్కార్లెట్‌ ఎలా కనిపించి ఉంటుంది? ఆమె మంచిది కాదు. స్వార్థపరురాలు. అబద్ధాలాడుతుంది. అయినా పడిపోయిన ప్రతిసారీ లేస్తుంది. ఆకలితో ఉన్న పదిమందినీ తానే మోస్తుంది. పరీక్షల భయమేసినప్పుడూ, మొదటి ఉద్యోగంలో పై అధికారి అరిచినప్పుడూ ఆ అమ్మాయి స్కార్లెట్‌నే తలచుకునేది. రెట్‌ బట్లర్‌ సంగతి సరేసరి. హాస్టల్‌ గదిలో ఆ పేరెత్తితే చాలు, నవ్వులే నవ్వులు!

ఆదివారం పేజీల అమ్మాయి

ఇంతగా కట్టిపడేసే కథనం మిచెల్‌కు ఎలా అబ్బింది? ఆమె చేసిన ఉద్యోగం చూస్తే కొంత అర్థమవుతుంది. 1922 నుంచి నాలుగేళ్లపాటు ‘అట్లాంటా జర్నల్‌’ దినపత్రిక ఆదివారం మ్యాగజీన్‌లో ఫీచర్‌ రైటర్‌గా పనిచేసిందామె. పాఠకుణ్ని మొదటి పేరాలోనే ఎలా పట్టుకోవాలో, చివరిదాకా ఎలా లాక్కెళ్లాలో తెలిసిన చెయ్యి. 1926లో చీలమండ దెబ్బతిని ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండాల్సి వచ్చింది. భర్త లైబ్రరీ నుంచి పుస్తకాలు మోయలేక, ‘నువ్వే ఒకటి రాసుకోరాదూ’ అన్నాడట. టైప్‌రైటర్‌ ముందు కూర్చుని ముందుగా చివరి అధ్యాయం రాసిందామె. హీరోయిన్‌కు తను మొదట పెట్టుకున్న పేరు స్కార్లెట్‌ కాదు, ప్యాన్సీ. అధ్యాయాలన్నీ కవర్లలో పెట్టి ఇంట్లో ఏ మూల పడితే ఆ మూల దాచేసింది. 1935లో మెక్‌మిలన్‌ సంస్థ ప్రతినిధి హెరాల్డ్‌ లాథమ్‌ అట్లాంటా వస్తే ఆ కవర్ల గుట్టను అతని చేతిలో పెట్టింది. అది పట్టడానికి అతను కొత్త సూట్‌కేసు కొనుక్కోవాల్సి వచ్చింది. తర్వాత మనసు మార్చుకుని, తిరిగి పంపెయ్యమని టెలిగ్రామ్‌ ఇచ్చింది. కానీ అప్పటికే అతను రైల్లో చదవడం మొదలుపెట్టేశాడు!

కథ చెప్పే నేర్పు పత్రికాఫీసు నుంచి వచ్చింది సరే, మరి చరిత్ర? అది ఇంట్లోంచి వచ్చింది. 1900లో పుట్టిన మిచెల్‌ చిన్నప్పుడు ఓడిపోయిన సైన్యంలోని ముసలి సైనికుల ఒళ్లో కూర్చుని యుద్ధం కబుర్లు విన్నది. ఎన్ని కబుర్లు విన్నా, దక్షిణాది ఆ యుద్ధంలో ఓడిపోయిందన్న ఒక్క ముక్క మాత్రం తనకు పదేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదని ఆమే చెప్పుకుంది. నల్లవాళ్లను వేటాడిన కు క్లక్స్‌ క్లాన్‌ ముఠాను వీరులుగా చూపుతూ నవలలు రాసిన థామస్‌ డిక్సన్‌కు, మీ పుస్తకాలు చదివే పెరిగానంటూ 1936లో ఉత్తరం కూడా రాసింది. చెప్పినవాళ్లంతా యజమానులు, వాళ్ల పిల్లలు. చేలల్లో పత్తి ఏరినవాళ్లు చెప్పిన కథ ఆ ఒడిలోకి రానేలేదు.

నాయనమ్మ చెప్పిన ముచ్చట

హన్మకొండ అమ్మాయికి పెళ్లయింది. బ్యాంకు ఉద్యోగంతో హైదరాబాద్‌ వచ్చేసింది. 1999లో పురిటికి పుట్టింటికి వెళ్లినప్పుడు, నడుం నొప్పికి నూనె రాస్తూ నాయనమ్మ తన చిన్నప్పటి ముచ్చట్లు చెప్పేది. ఆమెది నల్గొండ వైపు పల్లె. దొరల గడీ నీడలో పెరిగింది. ఓ మధ్యాహ్నం మాటల మధ్యలో తన అక్క ప్రస్తావన వచ్చింది.

‘‘మా అక్క నాకంటే నాలుగేండ్లు పెద్దది బిడ్డా. దొర బిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోతుంటె ఆమెతోని మా అక్కను గూడ పంపిండ్రు.’’

‘‘పనికా నాయనమ్మా?’’

‘‘పనికంటె పనికి గాదు. సారెల పెట్టి పంపినట్టు పంపిండ్రు. మంచం, బిందెలు, మా అక్క. మల్లొక్కసారే అచ్చింది ఇంటికి.’’

‘‘అక్కడ ఎట్లా చూసుకునేవాళ్లట?’’

‘‘ఏం జూసుకునుడు? పేరు పెట్టి ఎవలు పిలిచిండ్రు మా అక్కను! ఆడబాపా అంటె పలుకుడే.’’

తెలంగాణ గడీల చరిత్ర చదివినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. దొర కూతురు పెళ్లై వెళ్తుంటే వెంట పంపే పనిపిల్లే ఆడబాప. జీతం లేదు. పెళ్లి లేదు. తిరిగొచ్చే దారి లేదు. 1940ల్లో వెట్టిచాకిరీకి ఎదురుతిరిగిన తెలంగాణ పోరాటం ముందుపెట్టిన అన్యాయాల్లో ఇదీ ఒకటి. నాయనమ్మ ఆ ముచ్చట ఏడుస్తూ చెప్పలేదు. చెప్పాల్సింది చెప్పి, నూనె గిన్నె పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

రెండోసారి పేజీలు బరువయ్యాయి

అయిదేళ్ల తర్వాత జ్వరంతో సెలవు పెట్టిన రోజున ఆమె చేతికి మళ్లీ ఆ పుస్తకమే దొరికింది. సరదాగా తిప్పడం మొదలుపెట్టింది. స్కార్లెట్‌ను విందుకు ముస్తాబు చేసే ఘట్టం వచ్చింది. మంచం కోడు పట్టుకుని నిలబడిన పిల్లకు నడుముపట్టీ బిగించి కడుతోంది మామీ. ‘ఇంట్లోనే కడుపునిండా తినిపో, నలుగురిలో ఆడపిల్ల పిట్టలా తినాలి’ అని పోరుతోంది. మొదటిసారి చదివినప్పుడు కడుపుబ్బా నవ్వించిన ఘట్టం. ఈసారి ఆమె దృష్టి నడుము మీద లేదు. పట్టీ బిగించే చేతుల మీద ఉంది.

మామీ ఎవరు? స్కార్లెట్‌ అమ్మమ్మ గదిలో పెరిగిన బానిస పిల్ల. స్కార్లెట్‌ తల్లి ఎలెన్‌ పెళ్లయి సవానా నుంచి టారాకు వచ్చినప్పుడు ఇంకో ఇరవై మంది ఇంటి బానిసలతో పాటు వచ్చింది. అంటే... ఆడబాప! ఆ మాట తట్టగానే ఆమె పుస్తకం మూసేసింది. కాసేపటికి మళ్లీ తెరిచింది.

మామీ అన్నది పేరు కాదు. దక్షిణాది తెల్లవాళ్ల పిల్లలు తమను పెంచే నల్లజాతి దాదిని పిలిచే పిలుపు. వెయ్యి పేజీల నవలలో ఆమెకు సొంత పేరే లేదు. మొగుడున్నాడా, పిల్లలున్నారా, ఒక్క ముక్కా లేదు. మూడు తరాల ఒహారా బిడ్డలను పెంచిన మనిషికి తన కడుపున ఒకరు పుట్టారో లేదో రచయిత్రికి పట్టలేదు.

అక్కణ్నుంచి ఆమె వేరే పుస్తకం చదువుతున్నట్టే చదివింది. స్కార్లెట్‌ తండ్రికి సొంత సేవకుడిగా ఉండే పోర్క్‌ అతనికి పేకాటలో దొరికిన మనిషి. నవల దాన్ని సరదా సంగతిగా చెబుతుంది. పోర్క్‌ భార్య డిల్సీ పక్క ఎస్టేటులో ఉంటుంది. మొగుడూపెళ్లాలు ఒకచోట ఉంటారని ఆమెనూ, బిడ్డ మీద బెంగపెట్టుకోకుండా కూతురు ప్రిస్సీనీ కలిపి మూడు వేల డాలర్లకు కొంటాడు ఆ పెద్దమనిషి. ఎంత దయగలవాడో అని పాఠకుడు మురిసిపోవాలి. ఆ దయ లేకపోతే ఆ తల్లీబిడ్డల గతేంటన్నది మాత్రం అడక్కూడదు!

పుస్తకం మొత్తంలో ఎక్కువమందికి గుర్తుండిపోయే ఘట్టం... ఇక జీవితంలో ఆకలితో ఉండనని స్కార్లెట్‌ ఒట్టుపెట్టుకోవడం. ఆకలికి ఆగలేక పచ్చి ముల్లంగి పీకి తింటుంది, కడుపులో ఇమడక కక్కుకుంటుంది, అలాగే నేల మీద పడి ఉండి ఆ నిర్ణయం తీసుకుంటుంది. ఆ ముల్లంగి ఎక్కడిది? తగలబడిపోయిన యాష్లీ బంగళా వెనక, బానిసల గుడిసెల దగ్గర వాళ్లు వేసుకున్న పాదుల్లోది. ఎవరు నాటారో, వాళ్లిప్పుడు ఏం తింటున్నారో స్కార్లెట్‌కు తట్టదు. పద్దెనిమిదేళ్ల పాఠకురాలికీ తట్టలేదు. ముప్ఫై మూడేళ్లకు తట్టింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ రెట్‌ బట్లర్‌ కొట్టాడు. అతను జైల్లో ఎందుకున్నాడు? ఓ తెల్ల మహిళతో పొగరుగా మాట్లాడాడని ఒక నల్లమనిషిని చంపిన నేరం మీద. తర్వాత స్కార్లెట్‌తో, అవును, నేనే చంపానని తాపీగా ఒప్పుకుంటాడు. పెద్దమనిషి అన్నవాడు ఇంకేం చేస్తాడన్నట్టు! కిటికీ తెరల గౌను అందరికీ గుర్తుంటుంది. ఆ జైలు కారణం గుర్తుండదు. హాస్టల్‌ గదిలో అంతగా చెప్పుకున్న అమ్మాయిల్లో ఒక్కరికీ గుర్తులేదు.

కథ ఒకటి... జరిగింది ఒకటి

నవల చెప్పేదాని ప్రకారం యుద్ధానికి ముందు దక్షిణాది ఓ బంగారు లోకం. యజమానులు దయగలవాళ్లు. బానిసలు పసిపిల్లల్లాంటివాళ్లు. యుద్ధం అయ్యాక స్వేచ్ఛ దొరికిన నల్లవాళ్లు రాష్ట్రాన్ని భ్రష్టు పట్టించారు. ఆడవాళ్ల మానం కాపాడటానికి క్లాన్‌ ముఠా పుట్టక తప్పలేదు. స్కార్లెట్‌ రెండో భర్త ఫ్రాంక్‌, యాష్లీ ఇద్దరూ అందులో సభ్యులే.

లెక్కలు వేరే చెబుతాయి. 1860 జనాభా లెక్కల ప్రకారం జార్జియాలో ఉన్నది సుమారు పదిన్నర లక్షల మంది. అందులో 4 లక్షల 62 వేల మంది బానిసలు. నూటికి 44 మంది! బంగారు లోకం అనిపించినదాంట్లో దాదాపు సగంమంది ఇంకొకరి ఆస్తి. యుద్ధం తర్వాత 1868లో నల్లజాతివాళ్లు 33 మంది జార్జియా చట్టసభకు ఎన్నికయ్యారు. ఆ సెప్టెంబరులోనే, ఓటు హక్కుంది కానీ పదవి చేపట్టే హక్కు లేదంటూ వాళ్లను సభ నుంచి బయటికి పంపేశారు. వాళ్లు మళ్లీ లోపలికి రావడానికి 1870 దాకా పట్టింది. మిచెల్‌ చెప్పిన ‘నల్లవాళ్ల పెత్తనం’ అసలు రూపం ఇదీ.

విచిత్రమేంటంటే, నిజం ఒక్కోసారి రచయిత్రి చేయి దాటి పేజీల్లోకి జారిపోతుంది. వ్యాపారం పెరిగాక స్కార్లెట్‌ మిల్లులో పనికి జైలు ఖైదీలను అద్దెకు తెచ్చుకుంటుంది. మేస్త్రీ వాళ్లకు సరిగ్గా తిండి పెట్టడు, కొడతాడు. తెలిసినా, లాభాలొస్తున్నాయి కాబట్టి ఆమె పెద్దగా పట్టించుకోదు. యుద్ధం తర్వాత దక్షిణాదిన ఖైదీల అద్దె పద్ధతి నిజంగానే ఉంది. కొత్త పేరుతో పాత బానిసత్వమది. అంటే మిచెల్‌కు కళ్లు లేక కాదు. చూడాలనుకున్నప్పుడు ఆమె ఎంతైనా చూడగలదు. చూడదలచుకోని చోట కళ్లు తిప్పుకుంది. పాఠకుడి కళ్లు కూడా తిప్పేసింది. అంత చక్కగా కథ చెప్పగలిగింది కాబట్టే తిప్పగలిగింది.

ఇష్టానికీ బాధకూ మూలం ఒకటేనని ఆ రెండో చదువులో ఆమెకు తెలిసింది. నవల పేలవంగా ఉంటే ఏ గొడవా లేదు. ఎవరి పక్షాన నిలబడకూడదో వాళ్ల పక్షానే, వెయ్యి పేజీల పాటు, హాయిగా నిలబెట్టింది. కోపమంతా అందుకే.

వెండితెర మీద... తెర వెనక

నిర్మాత డేవిడ్‌ సెల్జ్‌నిక్‌ 50 వేల డాలర్లకు హక్కులు కొన్నాడు. నల్లజాతి సంఘాల అభ్యంతరాలు విని నవలలోని తిట్టుమాటను తీసేశాడు. క్లాన్‌ పేరు కూడా లేకుండా చేశాడు. డార్జిలింగ్‌లో పుట్టిన వివియన్‌ లీ స్కార్లెట్‌ అయింది. క్లార్క్‌ గేబుల్‌ రెట్‌ అయ్యాడు. 1939 డిసెంబరు 15న అట్లాంటాలోని లోస్‌ గ్రాండ్‌ థియేటర్లో తొలి ప్రదర్శన. ఊరంతా పండగ.

ఆ పండగకు మామీ పాత్రధారి హ్యాటీ మెక్‌డానియల్‌ రాలేదు. తెల్లవాళ్లతో కలిసి నల్లవాళ్లు కూర్చోకూడదన్న రోజులవి. ఆమె లేకపోతే నేనూ రానని గేబుల్‌ పట్టుబడితే, వెళ్లమని ఆమే సర్దిచెప్పింది. అంతకుముందు రోజు రాత్రి జరిగిన విందులో బానిసల వేషం కట్టి పాటలు పాడిన చర్చి పిల్లల బృందంలో పదేళ్ల కుర్రాడొకడున్నాడు. పేరు మార్టిన్‌ లూథర్‌ కింగ్‌!

1940 ఫిబ్రవరి 29న హ్యాటీకి ఉత్తమ సహాయనటిగా ఆస్కార్‌ వచ్చింది. ఆ గౌరవం అందుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. అయినా ఆ హాల్లో ఆమెను మిగతా నటీనటులతో కాకుండా విడిగా వేసిన బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మిషిగన్‌లోని చిన్న ఊళ్లో ఆ సినిమా చూసిన మరో నల్లజాతి కుర్రాడు, తర్వాతి కాలపు మాల్కం ఎక్స్‌, తన ఆత్మకథలో ఆ అనుభవం రాసుకున్నాడు. హాలు మొత్తంలో నల్లవాడు తానొక్కడే. తెర మీద ప్రిస్సీ వేషాలు మొదలవగానే సిగ్గుతో కార్పెట్‌ కింద దూరిపోవాలనిపించిందట. ఒకే హాలు, ఒకే సినిమా. నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వలేనివాడు ఒకడున్నాడు.

తీర్పు చెప్పడం తేలికేం కాదు

ఇంతా చదివాక మార్గరెట్‌ మిచెల్‌ను కొట్టిపారేయొచ్చా? అక్కడా చిక్కే. 1940ల్లో ఆమె అట్లాంటాలోని మోర్‌హౌస్‌ కాలేజీ అధ్యక్షుడు బెంజమిన్‌ మేస్‌ ద్వారా, వైద్యం చదవాలనుకున్న నల్లజాతి విద్యార్థుల ఫీజులు కట్టింది. తన పేరు బయటికి రావొద్దని షరతు పెట్టింది. పదుల సంఖ్యలో కుర్రాళ్లు ఆ డబ్బుతో డాక్టర్లయ్యారు. తన జీవితకాలంలో ఆమె అచ్చువేసిన నవల ఇదొక్కటే. 1949 ఆగస్టులో సినిమాకు వెళ్తూ రోడ్డు దాటుతుండగా కారు గుద్దింది. అయిదు రోజుల తర్వాత చనిపోయింది. అప్పటికి 48 ఏళ్లు. ఆ రాసిన చెయ్యీ, ఈ ఇచ్చిన చెయ్యీ ఒకటే.

2001లో నల్లజాతి రచయిత్రి అలిస్‌ రాండల్‌ ‘ద విండ్‌ డన్‌ గాన్‌’ అని ఓ నవల రాసింది. అందులో కథ చెప్పేది సినారా. టారా యజమానికీ మామీకీ పుట్టిన కూతురు. అంటే స్కార్లెట్‌కు చెల్లెలి వరస. మిచెల్‌ వారసుల తరఫు ట్రస్టు కోర్టుకెళ్లి పుస్తకం రాకుండా ఆపించింది. నెల రోజులకే పైకోర్టు ఆ ఆంక్షను ఎత్తేసింది. చివరికి 2002లో రాజీ కుదిరింది. ఆ రాజీలో భాగంగా ప్రచురణకర్తలు విరాళం ఇచ్చింది ఎవరికో తెలుసా? అదే మోర్‌హౌస్‌ కాలేజీకి!

2020లో జార్జ్‌ ఫ్లాయిడ్‌ హత్య తర్వాత అమెరికా భగ్గుమన్నప్పుడు హెచ్‌బీవో మ్యాక్స్‌ ఈ సినిమాను కొద్దిరోజులు తొలగించింది. తర్వాత చరిత్రను వివరించే ముందుమాటతో తిరిగి పెట్టింది. 2023లో బ్రిటన్‌లో వచ్చిన కొత్త ముద్రణ ముందు హెచ్చరిక ఉంది. చారిత్రక నవలా రచయిత్రి ఫిలిప్పా గ్రెగరీ రాసిన వ్యాసమూ ఉంది. నవలలో మాత్రం ఒక్క మాటా మార్చలేదు.

ఆ 2020 లాక్‌డౌన్‌ రోజుల్లోనే హన్మకొండ పాఠకురాలు మూడోసారి చదివింది. ఈసారి పక్కన పెన్సిల్‌ పెట్టుకుంది. మామీ, డిల్సీ, పోర్క్‌, ప్రిస్సీ, చేలో పనిచేసే బిగ్‌ శామ్‌... వీళ్లు కనిపించిన చోటల్లా గీత గీసింది. గీతలు గీస్తూనే, అట్లాంటా తగలబడే రాత్రి వచ్చేసరికి పెన్సిల్‌ ఎప్పుడు పక్కన పెట్టేసిందో ఆమెకే తెలియదు. బండి ఊరు దాటేదాకా ఊపిరి బిగబట్టే ఉంది. చదవడం తెలిసిన వయసులో, తప్పెక్కడో తెలిసి కూడా! మెలనీ పోయే చోట కళ్లు తుడుచుకుంది. రెట్‌ వెళ్లిపోయే చోట ‘మంచిపని చేశావు’ అనుకుంది. మామీకి ముసలితనంలో టారాకు తిరిగి వెళ్లాలనిపించిన చోట మాత్రం చాలాసేపు ఆగిపోయింది. ఆ పుస్తకంలో తనంతట తానుగా మామీ తీసుకున్న నిర్ణయం బహుశా అదొక్కటే. నాయనమ్మ అక్కకు ఆ మాత్రం కూడా దక్కలేదు.

ఈ పుస్తకాన్ని ఇంట్లో ఉంచాలా వద్దా అన్న చర్చ ఆ ఇంట్లో ఇప్పటికీ తెగలేదు. ‘కథేగా, అంత రంధి దేనికి’ అంటాడు భర్త. కథే కాబట్టే రంధి అంటుందామె. చరిత్ర పాఠం పరీక్షతో మర్చిపోతారు. మనసుకు నచ్చిన కథ నలభై ఏళ్లయినా పోదు. అబద్ధం అందులో చేరితే అదీ పోదు. అలాగని దాచేస్తే ఏమవుతుంది? స్కార్లెట్‌ ఎవరి చేతుల మీదుగా నిలబడిందో చూసే అవకాశమూ పోతుంది. అందుకే అటక మీద పడెయ్యలేదు. అలిస్‌ రాండల్‌ పుస్తకం తెప్పించి, రెంటినీ ఒకే అరలో పక్కపక్కన పెట్టింది. ముందు ఏది చదవాలో ఎవరికీ చెప్పలేదు.

మొన్నటి వేసవిలో కూతురు పాతదాన్నే తీసింది. అట్ట చూసే తీసి ఉంటుంది. పెన్సిల్‌ గీతలున్నాయని గానీ, ఎందుకున్నాయని గానీ తల్లి చెప్పలేదు. భోజనానికి పిలిస్తే పలకడం మానేసింది పిల్ల. తల్లికి నవ్వొచ్చింది. ఇంకా మొదటి అధ్యాయాల్లోనే ఉంది మరి.

రెండో రోజు సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది, వేలు పేజీల మధ్యే ఉంచుకుని.

‘‘అమ్మా, డిల్సీకీ వాళ్ల పాపకీ కలిపి మూడు వేల డాలర్లా? మనుషులకా?’’

తల్లి పొయ్యి కట్టేసి ఇటు తిరిగేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. పిల్ల అప్పటికే మళ్లీ సోఫాలో ముడుచుకుని పేజీల్లోకి వెళ్లిపోయింది. మర్నాటి విందులో యాష్లీ ఏమన్నాడో తెలియాలిగా!